ఇంటి తోటలో పురుగులనూ పూలనూ ఫొటో తీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలలో చాలావరకు మా పెరట్లోకి వచ్చిన బంధువులూ, ఇరుగుపొరుగువారూ, కొత్తగా కెమెరా కొనుక్కున్న పిల్లలూ అడిగినవే. అడిగినవారిలో ఎక్కువమంది కెమెరా గురించి మొదలుపెట్టారు. నా జవాబులు మాత్రం తరచుగా మొక్కల మీదికీ, వేళల మీదికీ మళ్లుతాయి. అందుకు కారణం చదువుతూ ఉంటే తెలుస్తుంది.

మాకు పెరడు లేదు, డాబా మీద పది కుండీలు మాత్రమే ఉన్నాయి. అక్కడ తీయడానికి ఏమి దొరుకుతుంది?

పది కుండీలు చాలు, అయితే ఆ పదీ క్రోటన్లు కాకూడదు. పురుగు మన తోట అందాన్ని చూసి రాదు. తేనె కోసమో, పుప్పొడి కోసమో, గుడ్లు పెట్టడానికి తగిన ఆకు కోసమో వస్తుంది. నిమ్మ మొక్క ఒక్కటి ఉంటే దాని చిగుళ్ల మీద నిమ్మ సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. కరివేపాకు మీదికి నల్లని రెక్కలపై తెల్ల మచ్చల వరుస ఉండే కామన్ మార్మన్ అనే సీతాకోకచిలుక వస్తుంది. గోడ పక్కన దానంతట అదే మొలిచిన జిల్లేడును పీకివేయకుండా ఉంచితే, నారింజ రంగు ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక దానిని వెతుక్కుంటూ వస్తుంది. తులసి వెన్నులను తుంచకుండా నాలుగు రోజులు వదిలివేస్తే చిన్న తేనెటీగలు ఉదయమంతా అక్కడే ఉంటాయి.

వంగ, టమాటా పూలను ప్రత్యేకంగా గమనించమని అందరికీ చెబుతుంటాను. ఈ పూలలో పుప్పొడి పైకి కనిపించదు, కేసరాల గొట్టాల లోపల దాగి ఉంటుంది. పొట్ట మీద నీలి చారలుండే తేనెటీగ ఒకటి పువ్వును కాళ్లతో గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే వాటి కండరాలను వేగంగా అదిలించి, ఆ అదురుతో పుప్పొడిని రాల్చుకుంటుంది. అప్పుడు వచ్చే సన్నని జుమ్మనే శబ్దాన్ని ఒకసారి గుర్తుపడితే, తల తిప్పకుండానే అది వచ్చిందని తెలుస్తుంది. ఇంకొక మాట: ముద్ద పూల కన్నా ఒంటి రెక్కల పూలకే పురుగులు ఎక్కువగా వస్తాయి. ముద్ద పూలలో రెక్కలు పెరిగిన మేరకు కేసరాలు తగ్గిపోతాయి, తేనె దాకా దారి కూడా మూసుకుపోతుంది.

ఫోను సరిపోతుందా, లేక కెమెరా కొనవలసిందేనా?

పూలకు, సీతాకోకచిలుకలకు, తూనీగలకు ఫోను బాగానే సరిపోతుంది. చీమకూ, చిగుళ్ల రసం పీల్చే పేనుబంకకూ సరిపోదు. చాలా ఫోన్లలో మాక్రో మోడు అంటే విశాలమైన దృశ్యం కోసం పెట్టిన కెమెరాయే దగ్గరగా ఫోకస్ చేయడం. దానితో తీయాలంటే పురుగుకు రెండు మూడు సెంటీమీటర్ల దూరం దాకా వెళ్లాలి. అప్పుడు ఫోను నీడ పువ్వు మీద పడుతుంది, పురుగు ఎగిరిపోతుంది. మాక్రో మోడును ఆపివేసి, ఒక అడుగు వెనక్కి జరిగి, రెండు మూడు రెట్లు దగ్గరగా చూపే లెన్స్‌తో తీసి, తరువాత అంచులు కత్తిరించుకోవడమే మేలని నా అభిప్రాయం. తెర మీద పురుగు కన్ను ఉన్నచోట వేలు అదిమిపెడితే ఫోకస్ అక్కడే నిలుస్తుంది. ఆ తరువాత వెలుగును కొంచెం తగ్గించి తీయండి. కొన్ని వందల రూపాయలకు దొరికే క్లిప్ లెన్సులు మధ్యలో బాగానే చూపిస్తాయి, అంచులలో చెదరగొడతాయి. నేర్చుకోవడానికి అవి చెడ్డవేమీ కావు.

మాక్రో లెన్స్ అంటే ఏమిటి? అంత ఖరీదు పెట్టలేనివారికి వేరే దారి ఉందా?

వస్తువు ఎంత పరిమాణంలో ఉందో సెన్సార్ (కెమెరాలో వెలుతురును పట్టే పలక) మీద దాని ప్రతిబింబం కూడా అంతే పరిమాణంలో పడితే దానిని 1:1 అంటారు. అసలైన మాక్రో లెన్స్ ఈ స్థాయికి చేరుతుంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ (పాత ఫిల్ము ఫ్రేమంత పెద్దది) వెడల్పు 36 మిల్లీమీటర్లు కనుక, 6 మిల్లీమీటర్ల అక్షింతల పురుగు 1:1 వద్ద ఫొటో వెడల్పులో ఆరో వంతు మాత్రమే ఆక్రమిస్తుంది. మాక్రో లెన్స్ కొన్న మొదటి రోజున చాలామంది నిరాశపడేది ఇక్కడే.

60 మిల్లీమీటర్ల లెన్స్ కన్నా 100 మిల్లీమీటర్ల లెన్స్‌కు నేను మొగ్గు చూపుతాను. రెండూ 1:1 ఇస్తాయి, కానీ రెండోదానితో పురుగుకూ లెన్స్ ముందు భాగానికీ మధ్య సుమారు 14 సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది, మొదటిదానితో పది సెంటీమీటర్లు కూడా మిగలదు.

తక్కువ ఖర్చులో రెండు మార్గాలు ఉన్నాయి. లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ ట్యూబులలో అద్దాలేమీ ఉండవు, కనుక నాణ్యత పెద్దగా దెబ్బతినదు. 50 మిల్లీమీటర్ల లెన్స్‌కు 25 మిల్లీమీటర్ల ట్యూబు తగిలిస్తే అసలు పరిమాణంలో సగానికి పైగా వస్తుంది. రెండోది రివర్స్ రింగు. దీనితో లెన్స్‌ను తలకిందులుగా బిగిస్తారు, 50 మిల్లీమీటర్ల లెన్సే ఇంచుమించు 1:1 ఇస్తుంది. ఇందులో ఇబ్బంది ఏమిటంటే కెమెరాకూ లెన్స్‌కూ సంబంధం తెగిపోతుంది, కనుక అపర్చర్‌ను (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని) చేత్తో తిప్పుకునే రింగు ఉన్న పాత లెన్స్ అయితేనే పని సులువవుతుంది. అటక మీద నాన్నగారి ఫిల్ము కెమెరా ఏదైనా ఉందేమో ముందు చూసుకోండి.

ఏ వేళలో తీయాలి?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. తెల్లవారుజాము మంచిదని అందరూ చెబుతారు, అది పురుగుల విషయంలో చాలావరకు నిజమే. పురుగు ఒంటి వేడి బయటి వేడిని బట్టి ఉంటుంది. చల్లని వేళ అది చురుకుగా కదలలేదు. మార్గశిర, పుష్య మాసాలలో సూర్యుడు పైకి రాకముందు తూనీగ ఒంటి నిండా మంచు బిందువులతో కొమ్మను అంటిపెట్టుకుని ఉంటుంది, లెన్స్‌ను దాని ముఖం దాకా తీసుకువెళ్లినా కదలదు. అదే వైశాఖంలో ఏడున్నరకే ఎండ చురుక్కుమంటుంది, ఎనిమిదింటికి ఇంట్లోకి వచ్చేయడమే మంచిది.

పూల సంగతి వేరు. ప్రతి పువ్వుకూ దాని వేళ ఉంది. గుమ్మడి పువ్వు తెల్లవారకముందే విచ్చుకుని, ఎండ ఎక్కేసరికి ముడుచుకుపోతుంది. నేతిబీర కూడా పొద్దున్నే పూస్తుంది. కానీ దాని దాయాది అయిన బీర సాయంత్రం పూస్తుంది. సొర పువ్వు కూడా పొద్దు వాలాకే తెల్లగా విచ్చుకుంటుంది. పొద్దున్నే కెమెరా పట్టుకుని బీరపాదు దగ్గరికి వెళ్లేవారికి వాడిన పూలే దొరుకుతాయి, ఆ తరువాత వారు లెన్స్‌ను నిందిస్తారు. చంద్రకాంత నాలుగు గంటల ప్రాంతంలో విచ్చుకుంటుంది. పారిజాతం రాత్రి పూసి తెల్లవారేసరికి నేల మీద ఉంటుంది. దానిని కొమ్మ మీద తీయాలంటే రాత్రే మేలుకోవాలి, నేల మీద తీయాలంటే ఊడ్చేవారికన్నా ముందు లేవాలి.

రాధామనోహరం తీగ గురించి విడిగా చెప్పాలి. దాని పువ్వు సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మరునాటికి గులాబి రంగుకూ, ఆపై ఎరుపుకూ తిరుగుతుంది. అందువల్ల ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. తెల్లగా ఉన్న మొదటి రాత్రి పొడవైన నాలుక గల పెద్ద రెక్కల పురుగులు వస్తాయి, అవి గాలిలో నిలబడే తేనె పీలుస్తాయి. ఆ గుత్తిని పగలు తీసిన ఫొటోలు వేలకొద్దీ ఉంటాయి. పొద్దుగూకిన అరగంటలో తీసినవి చాలా తక్కువ.

నా పద్ధతి చెబుతాను: గోడ మీద వేలాడే క్యాలెండరులోనే ఏ మొక్క ఏ గంటకు విచ్చుకుందో, ఏ పురుగు ఎప్పుడు వచ్చిందో పెన్సిలుతో రాసుకుంటాను. రెండేళ్లు రాసేసరికి వెతుక్కునే పని చాలావరకు తప్పింది.

నేను దగ్గరికి వెళ్లగానే ఎగిరిపోతున్నాయి. ఏమి చేయాలి?

పురుగు మనిషిని గుర్తుపట్టేది ముఖ్యంగా కదలికనూ నీడనూ బట్టి. సూర్యుడు ఎటున్నాడో చూసుకుని, మీ నీడ దాని మీద పడని వైపు నుంచి, దాని ఎత్తుకు వంగి, మెల్లగా జరగండి. చేయి పక్కకు ఊపడం కన్నా తిన్నగా ముందుకు రావడం వాటిని తక్కువగా బెదిరిస్తుంది. తూనీగ అయితే లేచిపోయినా కంగారు పడవద్దు. కొన్ని జాతుల తూనీగలు ఒక చక్కరు కొట్టి తిరిగి అదే పుల్ల మీద వాలతాయి, కనుక ఆ పుల్ల మీద ముందే ఫోకస్ పెట్టుకుని కూర్చోవచ్చు. కుండీలో ఒక ఎండుపుల్ల గుచ్చి ఉంచితే అది వాటికి ఆసనమవుతుంది. తేనెటీగను వెంటాడకండి. అది పూల గుత్తి మీద ఒక వైపు నుంచి మరొక వైపుకు వరుసగా పోతుంది, రాబోయే పువ్వు దగ్గర కాచుకోండి.

నీలి చారల తేనెటీగల మగవి పొద్దు వాలాక ఒక సన్నని ఎండు కాడను దవడలతో కరచి పట్టుకుని వరుసగా నిద్రపోతాయి. ఏ కాడను ఎంచుకున్నాయో ఒక సాయంత్రం చూసి పెట్టుకుంటే, మరునాడు కూడా అక్కడే దొరికే అవకాశం ఎక్కువ.

కన్ను స్పష్టంగా వస్తే రెక్క మసకగా వస్తోంది. నా చేతి తప్పా?

కాదు, అది దూరానికి సంబంధించిన లెక్క. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 1:1 వద్ద అపర్చర్ ఎఫ్/8 పెట్టినా (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), స్పష్టంగా కనిపించే మందం సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే ఉంటుంది. మందం పెంచాలని ఎఫ్/22కు పోతే వెలుతురు చిన్న రంధ్రంలో నుంచి వచ్చేటప్పుడు చెదిరి, ఫొటో మొత్తం మెత్తబడుతుంది. ఎఫ్/8, ఎఫ్/11 మధ్య ఆగడం మంచిది.

దానికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది కెమెరాను నిలబెట్టే కోణం. సీతాకోకచిలుక రెక్కలు మూసి కూర్చుంటే, లెన్స్ ముఖం ఆ రెక్కకు సమాంతరంగా ఉండేలా పక్క నుంచి తీయాలి. రెక్కలు పరచుకుని ఉంటే పై నుంచి తీయాలి. అప్పుడు ఆ ఒక్క మిల్లీమీటరులోనే రెక్క మొత్తం ఇముడుతుంది. ముఖం తీసేటప్పుడు మాత్రం కన్ను తప్పకూడదు, మిగిలినది మసకబారినా చూసేవారు పట్టించుకోరు. ఫోకస్‌ను చేత్తో ఒకచోట నిలిపి, ఊపిరి బిగబట్టి, ఒంటిని కొద్దిగా ముందుకూ వెనక్కూ ఊపుతూ వరుసగా పది ఫొటోలు తీస్తే ఒకటో రెండో సరిగ్గా వస్తాయి. మిగిలిన ఎనిమిదీ చెడిపోవడం మామూలే, వాటి గురించి బాధపడకూడదు. ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన ఫొటోలను కంప్యూటరులో కలిపే పద్ధతి కూడా ఉంది. అది నిద్రలో ఉన్న పురుగుకూ, గాలి లేని చోట ఉన్న పువ్వుకూ మాత్రమే పనికివస్తుంది.

ఎర్ర మందారం ముద్దలా వస్తోంది, మల్లెపువ్వు బూడిద రంగులో వస్తోంది. ఎందువల్ల?

రెండింటికీ కారణం కెమెరా వెలుతురును కొలిచే తీరే. ఫ్రేము మొత్తం సగటున నడిమి వెలుగులో ఉండాలని అది ఊహించుకుంటుంది. మల్లె, నందివర్ధనం వంటివి ఫ్రేము నిండా ఉంటే, వెలుతురు ఎక్కువైందని భావించి నల్లబరుస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్‌ను (ఫొటోకు అందే వెలుగు కొలతను) +0.7 నుంచి +1 దాకా పెంచాలి. ఎర్ర మందారంలో మొత్తం వెలుగు సరిగానే ఉన్నట్టు తోస్తుంది, కానీ ఎరుపు ఒక్కటే పరిమితి దాటిపోయి రెక్క మీది సన్నని ఈనెలు మాయమవుతాయి. అక్కడ −0.7 నుంచి −1 దాకా తగ్గించాలి. కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ (వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫు) విడివిడిగా చూసే వీలుంటే ఎరుపు గీత కుడి అంచును తాకకుండా చూసుకోండి. మందారాన్ని నడినెత్తి ఎండలో కాక, గోడ నీడ పడిన తరువాత తీస్తే సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

శంఖుపువ్వు నీలం ఊదాగా మారుతోందని కూడా అడుగుతుంటారు. ఆటో వైట్ బ్యాలెన్స్‌ను (వెలుతురును బట్టి రంగులను కెమెరాయే సరిదిద్దే అమరికను) వదిలి, ఎండకు ఎండ, నీడకు నీడ అని మీరే నిర్ణయించి చూడండి.

ఫ్లాష్ వాడవచ్చా? పురుగుకు హాని జరుగుతుందా?

పురుగుకు కనురెప్పలు ఉండవు గనుక అది కళ్లు మూసుకోలేదన్నది నిజమే. అయినా నేను గమనించినంతవరకు అవి ఫ్లాష్‌ను పట్టించుకోకుండా తమ పని తాము చేసుకుంటాయి. అసలు ఇబ్బంది వెలుగు మొరటుగా పడటం. పెంకు పురుగు వీపు మీద తెల్లని చుక్క ఒకటి అద్దంలా మెరిసి అందం చెడగొడుతుంది. వెలుగును పరచడానికి ఖరీదైన సామాను అక్కరలేదు: పాల ప్యాకెట్ల కవరును కడిగి కోసి రెండు పొరలుగా ఫ్లాష్ ముందు వంచి కట్టినా చాలు, వంటింటి బటర్ పేపరు అయినా సరే. పరిచే పొర పురుగుకు ఎంత దగ్గరగా ఉంటే వెలుగు అంత మెత్తగా పడుతుంది. ఫ్లాష్ శక్తిని తగ్గించి పెడితే అది వెలిగే వ్యవధి కూడా తగ్గుతుంది. గాలికి ఊగే పువ్వును నిలబెట్టేది షట్టర్ కన్నా ఆ చిన్న వ్యవధే.

ఎండలో ఫ్లాష్ లేకుండా తీసేవారికి పాత తెల్ల పంచె మంచి సాధనం. నాలుగు వెదురు పుల్లలకు కట్టి మొక్క మీద పందిరిలా పట్టుకుంటే, మిట్టమధ్యాహ్నం కూడా మబ్బుపట్టినంత మెత్తని వెలుగు వస్తుంది. మా ఇంట్లో ఇందుకోసం కేటాయించిన పంచె ఇప్పుడు ఇంకెందుకూ పనికిరాదు.

గొంగళిపురుగు నుంచి సీతాకోకచిలుక దాకా మొత్తం కథను ఫొటోలుగా తీయడం సాధ్యమేనా?

సాధ్యమే, అందుకు నిమ్మ కుండీ కన్నా మంచి చోటు లేదు. లేత చిగురు మీద ఆవగింజ కన్నా చిన్నదైన లేత పసుపు గుండ్రని గుడ్డు కనిపించిన రోజు నుంచి లెక్కపెట్టుకోండి. వెచ్చని కాలంలో మూడు నాలుగు రోజులకు పిల్ల బయటికి వస్తుంది. మొదట అది ముదురు గోధుమ రంగులో, మధ్యలో తెల్లని మరకతో, అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది; అది వేషమే, పిట్టలు దానిని వదిలివేయడానికి. చివరిసారి చర్మం వదిలాక నిమ్మాకు పచ్చదనానికి మారుతుంది. ఈ దశలో దాని దగ్గర కొమ్మను కాస్త కదిపితే, తల వెనుక నుంచి నారింజ రంగు మెత్తని కొమ్ముల జత బయటికి తోసుకువచ్చి ఘాటైన వాసన వస్తుంది. ఒకసారి తీసుకుని వదిలివేయండి, అదేపనిగా విసిగించకండి.

తరువాత అది ఒక పుల్లకు తన నడుము చుట్టూ పట్టుదారం కట్టుకుని ప్యూపాగా (తిండి మాని, లోపల సీతాకోకచిలుకగా మారే దశ) మారుతుంది. కుండీని వదిలి గోడ దాకా పాకిపోవడం కూడా మామూలే, కనుక ఆ రెండు రోజులూ ఓ కన్ను వేసి ఉంచండి. ప్యూపా నల్లబడి, పైపొర లోంచి రెక్కల మీది పసుపు మచ్చలు కనిపించాయంటే మరునాటి ఉదయమే అది విచ్చుకుంటుంది. పగిలి బయటికి రావడం ఒకటి రెండు నిమిషాలలో అయిపోతుంది. నేను మూడుసార్లు కాఫీ కోసం లోపలికి వెళ్లి పోగొట్టుకున్నాను. నాలుగోసారి ఫ్లాస్కు తెచ్చుకుని కూర్చున్నాను. ముడతలు పడిన రెక్కలు పూర్తిగా విప్పుకుని ఆరేదాకా అది ఎటూ పోదు, కాబట్టి ఆ ఫొటోలకు తొందర అక్కరలేదు.

కొన్ని ప్యూపాలకు చిన్న రంధ్రం పడి, సీతాకోకచిలుకకు బదులు సన్నని కందిరీగలు బయటికి వస్తాయి. వాటి తల్లి గుడ్లు పెట్టినప్పుడే ఆ ప్యూపా కథ ముగిసింది. అది కూడా ఈ కుండీలో జరిగేదే, దానిని కూడా తీయండి.

పురుగును కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే కదలదంటారు. నిజమేనా?

కదలదు. కానీ కాళ్లు ముడుచుకుని, మీసాలు వాలిపోయి, చలికి కొయ్యబారిన పురుగు బతికున్నట్టు కనిపించదు, కొన్ని చనిపోతాయి కూడా. తెల్లవారుజామున లేవలేనివారు కనిపెట్టిన పద్ధతి అది.

మందు కొట్టిన తరువాత ఎంత కాలానికి పురుగులు తిరిగి వస్తాయి?

మందును బట్టీ, వానను బట్టీ ఉంటుంది కనుక ఒక గడువు చెప్పడం సరికాదు. పేనుబంక, పిండినల్లి కనిపించగానే మందు కొట్టడానికి ముందు వారం ఆగి చూడమని మాత్రం చెబుతాను. వాటిని తినే అక్షింతల పురుగులు వాటంతట అవే వస్తాయి. వాటి పిల్లలు పెద్దవాటిలా గుండ్రంగా ఉండవు. పొడుగ్గా, ముళ్లముళ్లుగా, చిన్న మొసలిలా ఉంటాయి, అందుకే పాపం తెగులనుకుని చాలామంది నలిపేస్తారు. ఫొటో తీసేవారికి పేనుబంక పట్టిన ఒక కొమ్మ నెల రోజుల పని కల్పిస్తుంది: పేనుబంక విడిచే తియ్యని తేనెబంక కోసం చీమలు, వేటకు అక్షింతల పురుగులు, వాటి పిల్లలు, అన్నీ అరచేతి వెడల్పులోనే ఉంటాయి.

బ్రహ్మకమలం విచ్చుకోవడాన్ని ఎలా తీయాలి?

మన ఇళ్లలో ఆ పేరుతో పెంచేది మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల నుంచి వచ్చిన జెముడు జాతి మొక్క. హిమాలయాల బ్రహ్మకమలం వేరు. మొగ్గ మెడ వంచి పైకి తిరిగి, ఉబ్బిన రోజు రాత్రే అది పూస్తుంది. ఎనిమిదింటికి ట్రైపాడ్ మీద కెమెరా నిలిపి, నిమిషానికి ఒకటి చొప్పున అర్ధరాత్రి దాకా తీస్తే 240 ఫొటోలు వస్తాయి. వాటిని సెకనుకు 24 చొప్పున కలిపితే పది సెకన్ల వీడియో అవుతుంది. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడింటినీ చేత్తో నిలిపి ఉంచండి, మధ్యలో ఎవరూ వరండా దీపం వేయకుండా చూసుకోండి. విచ్చుకున్న పువ్వు దాదాపు జానెడు వెడల్పు అవుతుంది కనుక మొగ్గ చుట్టూ ఖాళీ వదలాలి. తెల్లవారేసరికి అది వాలిపోతుంది.

కుట్టేవాటి విషయంలో జాగ్రత్తలు ఏమిటి?

తేనెటీగ పువ్వు మీద ఉన్నప్పుడు దాదాపు ఎవరినీ కుట్టదు. తేనెపట్టు దగ్గర, కందిరీగల గూడు దగ్గర మాత్రం పొడవైన లెన్స్ లేకుండా పోకూడదు. మునగ చెట్టు మొదట్లో గుంపుగా చేరే బొచ్చు గొంగళిపురుగుల దగ్గర పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, ఆ బొచ్చు తగిలితే దురద తేలికగా వదలదు.

వానాకాలంలో లెన్స్‌కు బూజు పట్టకుండా ఎలా?

గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. బియ్యంలో పెట్టవద్దు, తవుడు పొడి లెన్స్ సందులలోకి పోతుంది. ఏసీ గదిలో నుంచి తీసిన కెమెరాను వెంటనే ఉక్కపోతలోకి తెస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. సంచిలోనే ఉంచి అరగంట ఆగి బయటికి తీయండి. కోస్తా ఊళ్లలో ఇది వేసవిలో కూడా తప్పదు.

తీసిన పురుగు పేరు ఎలా తెలుసుకోవాలి?

జీవుల ఫొటోలు పంచుకునే వెబ్‌సైట్లయిన ఐనాచురలిస్ట్‌లోనో, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెడితే తెలిసినవారు చెబుతారు. అందమైన ఒక్క ఫొటో కన్నా, సాదాగా తీసిన మూడు ఎక్కువ ఉపయోగపడతాయి: రెక్కల పై భాగం, కింది భాగం, వాలిన మొక్క. ఇంటి తోటలో తీసినది కనుక మ్యాపు మీద మీ ఇంటి గుమ్మం కనిపించకుండా, ఖచ్చితమైన చోటును దాచే ఎంపికను ముందే పెట్టుకోండి.

సాలీళ్లూ ఆరుద్ర పురుగులూ కూడా పురుగులేనా?

వాడుకలో అన్నీ పురుగులే. శాస్త్రం ప్రకారం పురుగుకు ఆరు కాళ్లు, ఈ రెండింటికీ ఎనిమిది. మామిడాకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్ర చీమల మధ్య అచ్చం వాటిలాగే నడిచే గెంతే సాలీడు ఒకటి ఉంటుంది, ముందు కాళ్ల జతను మీసాల్లా పైకెత్తి ఆడిస్తుంది. ఫొటోను పెద్దది చేసి చూస్తే ముందు వైపు హెడ్‌లైట్లలాంటి రెండు పెద్ద కళ్లు బయటపడతాయి. ఆరుద్ర పురుగు కోసం జూన్ నెల చివరిలో, ఆరుద్ర కార్తెలో మంచి వాన పడిన మరునాటి ఉదయం తడి మట్టి మీద వెతకండి. మోకాళ్ల కింద గోనెసంచి వేసుకుని, కెమెరాను నేలకు ఆనించి, మందారానికి చెప్పినట్టే వెలుగును −1కు తగ్గించి తీస్తే, ఆ ఎర్రని మఖమలు మీది నూగు ఒక్కొక్కటిగా కనిపిస్తుంది.